ఎనిమిదో ప్రశ్న

డిసెంబర్లో గ్రిమ్స్‌బీకి తెల్లారేసరికి ఎనిమిదవుతుంది.
అప్పటికే నేను ఆరు బ్రెడ్డు పొట్లాలు విప్పేసి ఉంటాను.
మా ఆయన జక్కరయ్య గారు చర్చి హాలు తాళం తీసి
కప్పు కారే చోట బకెట్టు పెట్టి
"ప్రభువు కృప" అంటారు,
పడే చినుకుని చూసి కూడా.

గాలి రేవు మీంచి వస్తుంది.
మునుపటి పడవల్లేవు, ఆ కోలాహలం లేదు,
వాసన మాత్రం ఊరు వదల్లేదు.
నిజాంపట్నంలో పుట్టినదాన్ని,
ఈ దేశంలో నాకు మొదట అర్థమైన భాష అదే.

పిల్లలు తడి బూట్లతో తలుపు తోసుకొస్తారు,
బడి గంటకి ముప్పావుగంట ముందు.
కాలమ్, డెమీ,
పేరడిగితే మొహం గోడకి తిప్పుకునే ఆ చిన్నవాడు.
మొదటిరోజు నా చీర చూసి
"నువ్వు రాణివా?" అంది డెమీ.
"కాదమ్మా, పాస్టరుగారి భార్యని" అన్నాను.
పాపం, చాలా నిరాశపడింది.

వాళ్ళ భాషలో ప్రార్థన చేస్తే
నా దేవుడు కోటు వేసుకుని, నిలబడి వింటాడు.
అందుకే బల్లలు తుడుస్తూ తెలుగులో గొణుక్కుంటాను.
అప్పుడొచ్చి చాప మీద కూర్చుంటాడు.

గోడకి ఒక ఇత్తడి పలక ఉంది.
ఇక్కణ్ణుంచి మా దేశానికి వెళ్ళినవాళ్ళ పేర్లు:
మిస్ థార్న్‌లీ, కెల్సీ దంపతులు,
వాళ్ళ బిడ్డ, పదకొండు నెలలు.
ఊళ్ళ పేర్లన్నీ వంకరటింకర.
మా ఊరి కోసం వేలు పెట్టి వెతికాను, లేదు.
వేలు ఆ బిడ్డ దగ్గర ఆగిపోయింది.
శనివారాలు ఆ పలకని చింతపండుతో తోముతాను.
ట్రాలర్ మీద ముప్పయ్యేళ్ళు వలలాగిన క్రాఫ్ట్ తాత
ఇదేమిటని వేలితో తీసి నాకి
కన్నొకటి మూసి, ఇంకొంచెం అడిగాడు.

మా నాయనమ్మకి చిన్నప్పుడు
మిషను గేటు దగ్గర పాలపొడి పెట్టేవాళ్ళు.
అరచేతిలో ఒక గరిటెడు.
అక్కడే, దొరసాని ముందే నాకెయ్యాలి. అది రూలు.
ఈవిడ సగం పరికిణీ అంచులో ముడేసి
తమ్ముడికి పట్టుకెళ్ళేది.
ఇంటికి చేరేసరికి చెమటకి ముద్దయి
వాడి అంగిట్లో అతుక్కునేదట.
ఒకరోజు దొరికిపోయింది. చెవి మెలేశారు.
ఎనభయ్యేళ్ళప్పుడు కూడా
కమ్మ లేని ఆ చెవి నాకు చూపించి నవ్వేది.
పొద్దున్నే ఆ దొరసాని ఆత్మకోసం
ప్రార్థన కూడా చేసేది.
రెండూ ఎలా పొసిగేవో నేనడగలేదు.

మూడు నెలలకోసారి
గుంటూరు నుంచి బోర్డు వారి ఫారం వస్తుంది.
మొదటి ఏడు ప్రశ్నలూ సులువే,
కూడికలెన్ని, హాజరెంత, కానుక, ఖర్చు.
ఎనిమిదోది: రక్షణ పొందిన ఆత్మలెన్ని?
పక్కన గడి. రెండంకెలు పట్టేంత.

మంగళవారం
డెమీ రెండు రొట్టెముక్కలు
వెన్న రాసిన వైపు లోపలికి వచ్చేలా కలిపి
కోటు జేబులోకి జార్చింది.
తలెత్తి చూసింది.
నేను కెటిల్ వైపు తిరిగాను.
ఎందుకో నా చెవి చురుక్కుమంది.

బుధవారం బల్లమీద
నూనె కాగితం ముక్కలు కత్తిరించి పెట్టాను.
ఎవరికీ ఏమీ చెప్పలేదు.
కాసేపటికి ఒకటి తగ్గింది.
"మా అమ్మకి జామ్ ఇష్టం" అంది డెమీ
గోడతో చెప్తున్నట్టు.

రాత్రి మా ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని
"ఎనిమిది?" అన్నారు.
నేను గిన్నెలు కడుగుతున్నాను.
నీళ్ళ చప్పుడు కొంచెం పెంచాను.
ఆయన ఏదో రాసి, ఫారం మడిచి, కవరు అంటించారు.
ఏం రాశారో నేనడగలేదు.
"రేపట్నుంచి బ్రెడ్డు ఎనిమిది పొట్లాలు" అన్నాను.
"రెండెందుకు ఎక్కువ?" అన్నారు.
జేబులకి, అన్నాను.